భోజనశాలల శ్రేణీకరణ, పురస్కారాలు: పురసవాక్కం (చెన్నై) నేపథ్యంలో

వంట, వడ్డన, శుచి, వసతి వంటి అంశాల్లో ఒకదాన్ని గానీ కొన్నింటిని గానీ కొలిచి, ఒక భోజనశాలకు గుర్తు, అంకె లేదా వరుసలో స్థానం ఇవ్వడాన్ని శ్రేణీకరణ అంటారు. ఒక ఏడాదికో ఒక విభాగానికో ఎంపిక చేసి సత్కరించడం పురస్కారం. మొదటిది కొనసాగే అంచనా, రెండోది ఆ ఏటి తీర్పు. వాడుకలో రెంటినీ కలిపి ‘రేటింగ్’ అనేస్తున్నారు.

చెన్నై నగర మధ్యభాగంలోని పాతపేట పురసవాక్కాన్ని ఈ వ్యాసం ఉదాహరణగా తీసుకుంటుంది. అంతర్జాతీయ జాబితాకెక్కిన రెస్టారెంటు ఉన్న నగరమే చెన్నై. అదే నగరంలోని పురసవాక్కంలో ఉదయం ఆరింటికే టిఫిన్లకు జనం బారులు తీరతారు. కొలబద్దలు ఎవరిని చూస్తాయో, ఎవరిని చూడవో తెలుసుకోవడానికి ఈ రెంటి మధ్య దూరం పనికొస్తుంది.

‘హోటల్’, ‘స్టార్’: రెండు మాటల తికమక

దక్షిణ భారతంలో ‘హోటల్’ అంటే మొదట గుర్తొచ్చేది తిండి దొరికే చోటు, పడక దొరికే చోటు కాదు. ఇడ్లీ, కాఫీ అమ్మే చిన్న దుకాణమూ హోటలే. మాంసాహారం వండేది మిలిటరీ హోటల్. నెలవారీ లెక్కకు అన్నం పెట్టేది మెస్. ‘రెస్టారెంట్’ అన్న మాట ఏసీ హాలుతో పాటు వచ్చింది.

‘స్టార్’ సంగతి ఇంకా చిక్కు. ‘ఫైవ్ స్టార్ హోటల్’ అన్నప్పుడు ఆ అయిదు నక్షత్రాలు బస చేసే హోటల్‌వి. వాటిని కేంద్ర పర్యాటక మంత్రిత్వ శాఖ ఇస్తుంది. ‘మిషెలిన్ స్టార్’ అన్నప్పుడు ఆ నక్షత్రం కంచంలోని వంటది. దాన్ని ఒక ఫ్రెంచి టైర్ల కంపెనీ ఇస్తుంది. మొదటి దానికి గరిష్ఠం 5, రెండోదానికి 3. ఫోన్ తెరపై కనిపించే 4.2, 4.4 లాంటి అంకెలు మూడో రకం. అవి తిన్నవాళ్లు ఇచ్చిన మార్కుల సగటు. ఈ మూడింటికీ ఒకదానితో ఒకటికి లెక్కల సంబంధం ఏమీ లేదు. అయిదు నక్షత్రాల హోటల్లో మిషెలిన్ స్టార్ లేని రెస్టారెంట్లే ఎక్కువ. మిషెలిన్ స్టార్ పొందిన తోపుడుబండి స్థాయి దుకాణాలూ ఉన్నాయి.

పూర్వరంగం: పూటకూళ్ల ఇల్లు

డబ్బు తీసుకుని అన్నం పెట్టే ఇంటిని తెలుగువారు పూటకూళ్ల ఇల్లు అన్నారు. వినుకొండ వల్లభరాయని పేర ప్రసిద్ధమైన ‘క్రీడాభిరామం’లో ఓరుగల్లు పూటకూటి ఇంటి ప్రస్తావన ఉంది. శ్రీనాథుడే దీని కర్త అన్న వాదమూ ఉంది. ఒక్క రూకకు ఆ ఇంట ఏమేం వడ్డిస్తారో కావ్యం వరుసగా చెబుతుంది: మేలిరకం అన్నం, గోధుమపిండి వంట, పంచదార, అప్పుడే కాచిన నెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లు, నంజుకోవడానికి నాలుగైదు రకాలు, గడ్డ పెరుగు. ఇంటివారి పేరు, వంటకాల పట్టిక, ధర ఆ వర్ణనలో మూడూ ఉన్నాయి. నేటి రివ్యూలో ఉండాల్సినవీ దాదాపు ఇవే. నెయ్యి ఎప్పుడు కాచిందో కూడా చెప్పడం మాత్రం నేటి రివ్యూల్లో అరుదు.

20వ శతాబ్దంలో మద్రాసుకు ఉడుపి హోటళ్లు వచ్చాక పోటీ పెరిగింది. పేరు చెప్పుకునే పద్ధతీ మారింది. ‘హైక్లాస్ వెజిటేరియన్’ అన్న మాట దక్షిణాది హోటళ్ల బోర్డుల మీద స్థిరపడింది. ఆ ‘హైక్లాస్’ను ఏ సంస్థా ఇవ్వలేదు, ఏ సంఘమూ తనిఖీ చేయలేదు. యజమాని తనకు తానే ఇచ్చుకున్న రేటింగ్ అది. జనం దాన్ని పెద్దగా తప్పు పట్టలేదు కూడా.

మిషెలిన్ గైడ్

ఆంద్రే మిషెలిన్, ఎదువార్ మిషెలిన్ సోదరులు ఫ్రాన్సులో టైర్ల కంపెనీ యజమానులు. కార్లలో ఎక్కువ దూరం తిరిగితే టైర్లు ఎక్కువ అరుగుతాయి, ఎక్కువ అమ్ముడవుతాయి. ఆ ఆలోచనతో 1900లో వాహనదారుల కోసం ఒక చిన్న పుస్తకం వేసి సుమారు 35,000 ప్రతులు ఉచితంగా పంచారు. మరమ్మతు దుకాణాలు, పెట్రోలు దొరికే చోట్లు, బస వివరాలు అందులో ఉండేవి. 1920 నుంచి దానికి వెల పెట్టారు. మంచి భోజనానికి నక్షత్రం గుర్తు 1926లో మొదలైంది. ఒకటి, రెండు, మూడు నక్షత్రాల క్రమం 1931లో వచ్చింది. నక్షత్రాలను ఏ ప్రమాణాలతో ఇస్తారో 1936లో ప్రకటించారు.

నక్షత్రాల అర్థాలు నేటికీ ప్రయాణికుడి భాషలోనే ఉన్నాయి. ఒక నక్షత్రమంటే దారిలో ఉంటే ఆగదగిన చోటు. రెండు నక్షత్రాలంటే దారి మళ్లించుకుని అయినా వెళ్లదగినది. మూడు నక్షత్రాలంటే దాని కోసమే ప్రయాణం కట్టదగినది.

*తనిఖీ.* మిషెలిన్ ఇన్‌స్పెక్టర్లు సంస్థలో జీతానికి పనిచేసే ఉద్యోగులు. ఎవరన్నది చెప్పకుండా మామూలు కస్టమర్ల లాగా వెళ్లి, తిని, బిల్లు కట్టి వస్తారు. వారు చూసేవి అయిదు: సరుకు నాణ్యత, వండే పద్ధతుల మీద పట్టు, రుచుల పొందిక, వంటలో కనిపించే చెఫ్ సొంత ముద్ర, ఎప్పుడు వెళ్లినా అన్ని వంటకాల్లోనూ అదే స్థాయి నిలవడం. గది అలంకరణ, బల్ల మీది గుడ్డ, గాజు సామాను నక్షత్రానికి లెక్కలోకి రావని సంస్థ చెబుతుంది. ఒక్కరి అభిప్రాయంతో నక్షత్రం రాదు. పలువురు ఇన్‌స్పెక్టర్లు వేర్వేరు రోజుల్లో వెళ్లి, తర్వాత కూర్చుని ఉమ్మడిగా నిర్ణయిస్తారు. నక్షత్రం రెస్టారెంటుకే గాని వంటవాడికి కాదు. చెఫ్ మరోచోటికి వెళ్తే అది అతని వెంట పోదు. ప్రతి ఏటా కొత్త జాబితా వస్తుంది, ఉన్నది ఊడిపోవచ్చు కూడా.

*ఇతర గుర్తులు.* తగిన ధరకు మంచి భోజనం పెట్టే చోట్లకు 1997 నుంచి ‘బిబ్ గూర్మాన్’ అన్న గుర్తు ఇస్తున్నారు. పర్యావరణ బాధ్యతకు ‘గ్రీన్ స్టార్’ను 2020లో మొదలుపెట్టారు.

*వ్యాప్తి.* చాలాకాలం ఐరోపాకే పరిమితమైన ఈ గైడ్ 2005లో న్యూయార్క్‌కు, 2007లో టోక్యోకు చేరింది. తర్వాత హాంకాంగ్, సింగపూర్, బ్యాంకాక్, దుబాయ్ వచ్చి చేరాయి. 2016లో సింగపూర్ హాకర్ సెంటర్‌లో సోయా సాస్ కోడి, అన్నం అమ్మే దుకాణానికి ఒక నక్షత్రం దక్కింది. 2021లో అది పోయింది.

2024 వరకు భారతదేశానికి మిషెలిన్ గైడ్ లేదు. చెన్నై వాసులకు మిషెలిన్ మరో రూపంలో బాగా దగ్గర. ఆ కంపెనీ టైర్ల కర్మాగారం ఆంధ్ర సరిహద్దుకు సమీపంలో, తిరువళ్లూరు జిల్లా తేర్వాయ్ కండిగైలో ఉంది. టైరు వచ్చింది, నక్షత్రం రాలేదు.

ఇతర గైడ్లు, ఓటింగ్ జాబితాలు

ఫ్రాన్సులోనే ఆన్రీ గో, క్రిస్తియాన్ మియో అనే ఇద్దరు పాత్రికేయులు ‘గో ఎ మియో’ గైడ్ నడిపారు. దీనిలో మార్కులు 20కి. వంటవాడి టోపీ బొమ్మలు వారి గుర్తు. తేలికైన సాస్‌లు, తాజా సరుకు కోరిన కొత్త ఫ్రెంచి వంటకు పేరు తెచ్చినవారూ వీరే. అమెరికాలో టిమ్, నీనా జాగట్ దంపతులు 1979లో మరో దారి తొక్కారు. నిపుణులను పక్కన పెట్టి, తిన్నవారి చేతనే ప్రశ్నపత్రాలు నింపించి 30 మార్కుల లెక్కన ‘జాగట్’ వేశారు. నేటి ఆన్‌లైన్ రేటింగులకు దాన్ని పూర్వరూపంగా చెప్పవచ్చు. 2011లో గూగుల్ దాన్ని కొని, 2018లో అమ్మేసింది. అమెరికాలోనే జేమ్స్ బియర్డ్ ఫౌండేషన్ 1991 నుంచి చెఫ్‌లకు, రెస్టారెంట్లకు పురస్కారాలు ఇస్తోంది.

‘వరల్డ్స్ 50 బెస్ట్ రెస్టారెంట్స్’ తనిఖీ కాదు, ఓటింగు. బ్రిటన్‌లోని ‘రెస్టారెంట్’ పత్రిక 2002లో మొదలుపెట్టింది. చెఫ్‌లు, ఆహార రచయితలు, తిండి కోసం దేశాలు తిరిగేవారు కలిసి వెయ్యికి పైగా సభ్యులు ఓటు వేస్తారు. ప్రపంచాన్ని పలు ప్రాంతాలుగా విడదీశారు. ఓట్లలో కొన్ని సొంత ప్రాంతం బయటి రెస్టారెంట్లకు వేయాలి. లిఖిత ప్రమాణాల పట్టిక అంటూ లేదు, సభ్యుడి అనుభవమే కొలమానం. ఒకసారి ప్రథమ స్థానం పొందినవారిని 2019 నుంచి పోటీలోంచి తప్పించి వేరే జాబితాలో ఉంచుతున్నారు. ఆసియా జాబితా 2013లో మొదలైంది. బ్యాంకాక్‌లో కోల్‌కతా చెఫ్ గగన్ ఆనంద్ నడిపిన రెస్టారెంటు 2015 నుంచి 2018 వరకు వరుసగా నాలుగేళ్లు ఆసియాలో మొదటి స్థానంలో నిలిచింది.

తనిఖీకి, ఓటుకు తేడా ముఖ్యమైనది. తనిఖీ చేసేవారు ఒక ఊళ్లోని చిన్న దుకాణాన్నీ వెతికి వెళ్లగలరు. ఓటరు తాను వెళ్లిన చోటికే ఓటు వేయగలడు. కాబట్టి విమానాశ్రయం, పెద్ద హోటళ్లు, పత్రికల్లో పేరు ఉన్న నగరాలకు ఓటింగు జాబితాలో సహజంగానే పైచేయి ఉంటుంది.

భారతదేశంలో ప్రభుత్వ వర్గీకరణ

బస హోటళ్లకు నక్షత్రాలను పర్యాటక మంత్రిత్వ శాఖలోని హోటల్, రెస్టారెంట్ ఆమోద, వర్గీకరణ సంఘం ఇస్తుంది. ఒకటి నుంచి అయిదు నక్షత్రాలు, ఆపైన ఫైవ్ స్టార్ డీలక్స్, పాత కోటలు, మహళ్లలో నడిచేవాటికి హెరిటేజ్ వర్గాలు ఉన్నాయి. గదుల విస్తీర్ణం, స్నానపు గది, లిఫ్టు, అగ్నిమాపక ఏర్పాట్లు, దివ్యాంగులకు వసతి, వంటగది శుభ్రత వంటివి పట్టికలో ఉంటాయి. సాంబారు రుచి ఉండదు. వర్గీకరణ అయిదేళ్లకు వర్తిస్తుంది. దరఖాస్తు చేసుకోవడం హోటల్ ఇష్టం. బస లేని విడి రెస్టారెంట్లకూ మంత్రిత్వ శాఖ వద్ద స్వచ్ఛంద ఆమోద పథకం ఉంది. సామాన్య జనంలో దాని పేరు పెద్దగా వినబడదు.

శుచి వైపు చూసేది భారత ఆహార భద్రత, ప్రమాణాల ప్రాధికార సంస్థ. దీనికి ఆధారం 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం. ఆహార వ్యాపారం చేసే ప్రతివారూ దాని లైసెన్సు గానీ నమోదు గానీ పొందాలి. ఆ సంఖ్యకు 14 అంకెలుంటాయి. ఇది అనుమతి మాత్రమే, మెప్పు కాదు. మెప్పు కావాలంటే అదే సంస్థ ‘హైజీన్ రేటింగ్’ ఉంది. గుర్తింపు పొందిన ఆడిట్ సంస్థ వచ్చి నీరు, నిల్వ, పురుగుల నివారణ, వంటవారి ఆరోగ్యం, చేతులు కడుక్కునే ఏర్పాట్లు, మురుగు పారుదల చూసి 1 నుంచి 5 వరకు నవ్వు మొహాల గుర్తుతో మార్కు వేస్తుంది. 25 మంది ఆహార కార్మికులకు ఒకరు చొప్పున శిక్షణ పొందిన పర్యవేక్షకుడు ఉండాలన్నది ఆ సంస్థ నియమం.

మూడో ప్రభుత్వ అంశం పన్ను. అది రేటింగు కాకపోయినా శ్రేణిని చూపిస్తుంది. 2017 నవంబరు 15 నుంచి విడి రెస్టారెంట్లలో జీఎస్టీ 5 శాతం. గది అద్దె రోజుకు 7,500 రూపాయలు దాటిన హోటల్ ఆవరణలోని రెస్టారెంట్లకు 18 శాతం. నక్షత్రాల హోటల్లో తిన్నామా, పేటలోని హోటల్లో తిన్నామా అన్నది బిల్లు చివరి వరుసలోనే తెలిసిపోతుంది.

పత్రికలు, సంఘాలు ఇచ్చే పురస్కారాలు

టైమ్స్ పత్రికా సంస్థ చెన్నై, హైదరాబాద్ సహా పలు నగరాల్లో వంటకాల వారీగా ఉత్తమ రెస్టారెంట్లను ఎంపిక చేస్తుంది. ‘కాండే నాస్ట్ ట్రావెలర్’ భారతీయ సంచిక 2017 నుంచి నిపుణుల ఓట్లతో దేశంలోని అగ్రశ్రేణి 50 రెస్టారెంట్ల జాబితా వేస్తోంది. ఆహార రచయిత వీర్ సంఘ్వీ అధ్యక్షుడుగా ఉన్న ‘కలినరీ కల్చర్’ ఇలాంటి సంస్థల్లో మరొకటి. పర్యాటక మంత్రిత్వ శాఖ జాతీయ పర్యాటక పురస్కారాలు ఇస్తుంది. సెప్టెంబరు 27న ప్రపంచ పర్యాటక దినం సందర్భంగా ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలు ఇచ్చే పర్యాటక పురస్కారాల్లో హోటళ్లకూ చోటుంది.

నగరానికే దక్కే గుర్తింపు ఇంకో తరహా. 2019లో యునెస్కో హైదరాబాదును ఆహార విభాగంలో సృజనాత్మక నగరంగా ప్రకటించింది. హైదరాబాదీ హలీంకు 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. వీటిలో ఏ ఒక్క హోటల్ పేరూ ఉండదు. వంటకం, ఊరు గెలుస్తాయి. ఇరానీ హోటల్ నుంచి ఫలక్‌నుమా ప్యాలెస్‌లోని భోజనాల గది దాకా అందరూ దాన్ని పంచుకుంటారు.

చెన్నైలో ఫైన్ డైనింగ్

చెన్నైలో పేరున్న ఫైన్ డైనింగ్ చాలావరకు స్టార్ హోటళ్ల లోపలే పెరిగింది. దీనికి రుచితో సంబంధం లేని కారణం ఒకటుంది. తమిళనాడులో మద్యం చిల్లర అమ్మకం ప్రభుత్వ సంస్థ టాస్మాక్ చేతిలో ఉంది. వడ్డించే ప్రైవేటు అనుమతులు ప్రధానంగా క్లబ్బులకు, స్టార్ హోటళ్లకు దక్కుతాయి. వైన్ జాబితా లేకుండా పాశ్చాత్య పద్ధతి ఫైన్ డైనింగ్ వ్యాపారం నడపడం కష్టం. కనుక హోటల్‌కు ప్రభుత్వం ఇచ్చే నక్షత్రం, అందులోని రెస్టారెంటుకు పత్రికలు ఇచ్చే పురస్కారానికి పరోక్షంగా మెట్టు అవుతోంది. విడి రెస్టారెంట్లు ఎక్కువగా ఉన్న ముంబయి, బెంగళూరులతో పోల్చినప్పుడు ఈ తేడా స్పష్టం.

1989లో మొదలైన ‘దక్షిణ్’ రెస్టారెంటు తమిళ, ఆంధ్ర, కన్నడ, మలయాళ వంటలను ఒకే చోట, వెండి కంచాల మర్యాదతో వడ్డించింది. దక్షిణాది అంటే ఇడ్లీ, దోశ మాత్రమే అన్న ఉత్తరాది భావన మీద దాని ప్రభావం ఉంది. చెన్నైలో చదివి, ‘దక్షిణ్’లో పనిచేసిన ఆల్ఫ్రెడ్ ప్రసాద్ తర్వాత లండన్‌లోని ‘టామరిండ్’కు ప్రధాన చెఫ్ అయ్యి 2002లో ఆ రెస్టారెంటు మిషెలిన్ నక్షత్రాన్ని నిలబెట్టారు. చెన్నై ‘దక్షిణ్’ ఉన్న అడయార్ పార్క్ హోటల్ 2023 డిసెంబరులో మూతపడింది.

నగరం నుంచి జాబితాలకెక్కిన పేరు ‘అవర్తన’. ఐటీసీ గ్రాండ్ చోళ హోటల్లో 2017లో ప్రారంభమైంది. ఆసియా 50 ఉత్తమ రెస్టారెంట్లలో 2023లో 30వ స్థానం, 2024లో 44వ స్థానం పొందింది. ఇక్కడ పట్టిక చూసి ఆర్డరివ్వడం ఉండదు. ఏడు నుంచి పదమూడు వడ్డనల దాకా ముందే కూర్చిన మెనూల్లో ఒకటి ఎంచుకోవాలి. టమాటా రసాన్ని తేటగా తీసి, కస్టమర్ ఎదుటే కొత్తిమీర పరిమళం పట్టించి గాజు గ్లాసులో పోయడం వారి ప్రసిద్ధ వడ్డన. రుచి చారుదే, రూపం మాత్రం గుర్తుపట్టలేం.

పురసవాక్కం

*పేట.* పురస అంటే మోదుగ చెట్టు. ఆ చెట్లుండే చోటు కనుక ఈ పేరని చెబుతారు. ఇక్కడి గంగాధరేశ్వర ఆలయ స్థలవృక్షమూ అదే. 1693లో ఎగ్మోరు, తండయార్‌పేటలతో పాటు ఈ గ్రామం ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చింది. నేడు పురసవాక్కం హైరోడ్డు బట్టల, నగల దుకాణాలతో కిక్కిరిసి ఉంటుంది. తమిళులతో పాటు తెలుగు, మార్వాడీ, గుజరాతీ కుటుంబాలు పక్కపక్కనే ఉండే ప్రాంతం ఇది. అందువల్ల ఇక్కడి హోటల్‌వారు ఉల్లి, వెల్లుల్లి లేని జైన వంట అడిగేవారికీ, పప్పులో కారం చాలలేదనేవారికీ ఒకే పూట సమాధానం చెప్పుకోవాల్సి వస్తుంది.

*భోజనశాలలు.* పేటకు సమీపంలో పూనమల్లి హైరోడ్డు మీద ఉడుపి ప్రాంతీయుడు కె. సీతారామరావు స్థాపించిన దాసప్రకాశ్ హోటల్ ఉండేది. 1950ల్లో కట్టిన ఆ భవనం శాకాహార హోటల్ కూడా ఎంత హుందాగా ఉండవచ్చో చూపింది. తర్వాత దాన్ని కూల్చివేశారు. హైరోడ్డు మీది వెల్‌కమ్ హోటల్ పాతతరం శాకాహార టిఫిన్‌కు ప్రసిద్ధి. 1981లో కేకే నగర్‌లో మొదలై విదేశాలకు విస్తరించిన శరవణ భవన్‌కూ ఇక్కడ శాఖ ఉంది.

*కొలబద్దల ముందు పేట హోటల్.* ఆసియా జాబితాలో గానీ, జాతీయ ఫైన్ డైనింగ్ పురస్కారాల్లో గానీ పురసవాక్కం పేరు కనబడదు. కారణం వంటలో లోపం అనుకోనక్కర్లేదు. మిషెలిన్ అయిదు ప్రమాణాలను కాగితం మీద పెట్టి ఇక్కడి మంచి టిఫిన్ హోటల్‌ను చూస్తే మూడింటికి సులువుగా నిలుస్తుంది. సరుకు రోజూ కొత్తది, ఎందుకంటే సాయంత్రానికి పిండి మిగలదు. పద్ధతి మీద పట్టు ఉంది: మినప్పిండి రుబ్బు, పులుపు ఎక్కే వేళ, పెనం వేడి తెలియకుండా వందల దోశలు ఒకే తీరున రావు. ఎప్పుడు వెళ్లినా అదే స్థాయి అన్నది ఈ వ్యాపారానికి ప్రాణం. నిన్నటి సాంబారుకు ఇవాళ్టి సాంబారుకు తేడా వస్తే రోజూ వచ్చేవాడు ముందుగా సర్వర్‌కే చెబుతాడు. రుచుల పొందిక సంగతి అలా ఉంచితే, తేలనిది ‘చెఫ్ సొంత ముద్ర’ ఒక్కటే. ఇక్కడ వంటమేస్త్రి పేరు ఎవరికీ తెలియదు. తన ముద్ర కనబడకుండా, నిరుడు ఎలా ఉందో అలాగే వండడమే అతని ప్రతిభ. వ్యక్తి సృజనను పురస్కరించే పద్ధతికి, ఒక సంప్రదాయాన్ని మార్పు లేకుండా నిలిపే చేతిని గుర్తించే అర లేదు. శ్రేణీకరణ పద్ధతుల్లో ఇది నిజమైన ఖాళీ.

విదేశాల్లో దక్షిణాది, భారతీయ వంట

2001లో లండన్‌లోని టామరిండ్ (చెఫ్ అతుల్ కొచ్చర్), జైకా (చెఫ్ వినీత్ భాటియా) మిషెలిన్ నక్షత్రం పొందిన తొలి భారతీయ రెస్టారెంట్లు. దుబాయ్‌లోని ‘త్రేసిండ్ స్టూడియో’ 2025లో మూడు నక్షత్రాలు పొందింది. భారతీయ వంటకు ఆ స్థాయి దక్కడం అదే మొదలు.

చెన్నైవారికి మరింత దగ్గరి ఉదాహరణ న్యూయార్క్‌లోని ‘సెమ్మ’. తమిళనాడు నుంచి వెళ్లిన చెఫ్ విజయ్‌కుమార్ తమిళ పల్లె వంటలతో 2022లో ఆ రెస్టారెంటుకు మిషెలిన్ నక్షత్రం తెచ్చి, 2025లో న్యూయార్క్ రాష్ట్రపు ఉత్తమ చెఫ్‌గా జేమ్స్ బియర్డ్ పురస్కారం అందుకున్నారు. ఆ మెనూలో నత్తల వేపుడుతో పాటు పొడి దోశ కూడా ఉంది. పొడి దోశ పురసవాక్కంలో ఏ పూటైనా దొరుకుతుంది. అక్కడిదీ ఇక్కడిదీ ఒకటేనని అనలేం గాని, గైడ్ తిరిగే ఊళ్లో ఉన్న దోశకే నక్షత్రం వస్తుందన్నది కాదనలేని సంగతి.

తినేవారి రేటింగులు

ట్రిప్‌అడ్వైజర్ 2000లో, యెల్ప్ 2004లో విదేశాల్లో మొదలయ్యాయి. దిల్లీ ప్రాంతంలో 2008లో ‘ఫుడీబే’గా పుట్టి 2010లో పేరు మార్చుకున్న జొమాటో భారత నగరాల్లో మెనూ కాగితాలను ఫోన్‌లోకి తెచ్చింది. 2014లో స్విగ్గీ వచ్చింది. పురసవాక్కం లాంటి పేటలకు మొదటిసారి అంకెల్లో రేటింగు వచ్చింది వీటి ద్వారానే, గూగుల్ మ్యాప్స్ ద్వారానే. గైడ్లు చూడని తోపుడుబండికీ ఇందులో చోటుంది. ఈ మేలు చిన్నది కాదు.

ఈ అంకెలను చదవడంలో జాగ్రత్తలున్నాయి. పది మంది ఇచ్చిన 4.8 కన్నా పదివేల మంది ఇచ్చిన 4.2 నమ్మదగినది. బాగా నచ్చినవారు, బాగా కోపం వచ్చినవారు రాసినంతగా మామూలుగా తిని వెళ్లినవారు రాయరు. డెలివరీ రేటింగు, హాలులో కూర్చుని తిన్న రేటింగు వేరు. జొమాటో ఈ రెంటినీ విడిగానే చూపుతుంది. పెనం మీంచి కంచంలోకి వచ్చే దోశ, అరగంట తర్వాత డబ్బాలోంచి బయటపడే దోశ ఒకటి కావు గదా. డబ్బిచ్చి రాయించే పొగడ్తలు, పోటీదారు రాయించే తిట్లు ఇంకో సమస్య. దీన్ని అరికట్టడానికి 2022 నవంబరులో భారత ప్రమాణాల సంస్థ ఆన్‌లైన్ సమీక్షలకు ఐఎస్ 19000:2022 అనే ప్రమాణాన్ని ప్రకటించింది. రాసినవారు నిజమైన వ్యక్తులేనా అని సరిచూడడం, డబ్బిచ్చి కొన్న సమీక్షలను ప్రచురించకపోవడం అందులో ముఖ్యం. ప్రకటించేనాటికి దాన్ని పాటించడం స్వచ్ఛందం.

విమర్శలు, వివాదాలు

నక్షత్రం తెచ్చే ఒత్తిడి మీద చర్చ పాతది. ఫ్రెంచి చెఫ్ బెర్నార్ లువాజో 2003లో ఆత్మహత్య చేసుకున్నారు. గో ఎ మియో అప్పటికే ఆయన మార్కు తగ్గించింది. మిషెలిన్ నక్షత్రం పోతుందన్న వదంతులూ వచ్చాయి. మరణానికి అదొక్కటే కారణమని చెప్పడం సరికాదు. 2017లో సెబాస్టియాన్ బ్రాస్ తన మూడు నక్షత్రాల రెస్టారెంటును గైడ్ నుంచి తీసేయమని కోరారు. మార్క్ వేరా నక్షత్రం తగ్గించినందుకు 2019లో దావా వేసి ఓడిపోయారు. మిషెలిన్ మాజీ ఇన్‌స్పెక్టర్ పాస్కల్ రెమీ 2004లో వెలువరించిన పుస్తకం, తనిఖీలు చెప్పుకునేంత తరచుగా జరగడం లేదని ఆరోపించింది. సంస్థ దాన్ని ఖండించింది.

నిధుల ప్రశ్న ఇప్పుడు ముందుకొచ్చింది. కొత్త దేశాల గైడ్లకు ఆయా పర్యాటక శాఖలు ఆర్థిక సాయం చేస్తున్నాయి. థాయిలాండ్ గైడ్ వెనుక ఆ దేశ పర్యాటక సంస్థతో అయిదేళ్ల ఒప్పందం ఉంది. నక్షత్రాల నిర్ణయంలో వారి జోక్యం ఉండదని మిషెలిన్ అంటుంది. అది నిజమే అనుకున్నా, ఏ దేశానికి గైడ్ రావాలన్నది మాత్రం వంట ఒక్కటే తేల్చడం లేదు. పత్రికల పురస్కారాల్లో ప్రకటనకర్తల, ప్రాయోజకుల ప్రభావం గురించీ ఇలాంటి సందేహమే ఉంది. ఓటర్ల పేర్లు, ఎంపిక పద్ధతి బయటపెట్టే పురస్కారానికే విలువ ఇవ్వడం సబబు.

బిల్లు మీది 14 అంకెలు

పురసవాక్కంలోని ఏ హోటల్లోనైనా తిన్నవారికి అందుబాటులో ఉండే అధికారిక గుర్తు ఒకటే. 2022 జనవరి 1 నుంచి ఆహార వ్యాపారులు బిల్లు మీద తమ 14 అంకెల లైసెన్సు లేదా నమోదు సంఖ్య ముద్రించాలి. ఆహార భద్రత సంస్థ వెబ్‌సైట్‌లో ఆ సంఖ్య కొడితే లైసెన్సు ఎవరి పేర ఉందో, అమల్లో ఉందో లేదో తెలుస్తుంది. హైజీన్ రేటింగ్ పొందిన హోటల్ అయితే ఆ పత్రం గోడ మీద కనబడాలి. కనబడకపోతే క్యాష్ కౌంటర్ దగ్గర అడగవచ్చు.